బుగ్గన కరక్కాయ

జిగురులో చివరి గుంట కూడా పొడిచాక వినోద సన్నని గాజు గొట్టంతో కానుగ కషాయాన్ని చుక్కచుక్కగా అందులోకి వదిలింది. బల్ల మీద రెండు గాజు పళ్లాలు ఉన్నాయి. ఎడమ పళ్లెంలోని జిగురు మీద పంటిని తొలిచే నలుపు పెరుగుతోంది, కుడి పళ్లెంలో పంటిని కాచే పహరా. రెంటికీ ఒకే కషాయం, ఒకే మోతాదు. రెంటినీ వెచ్చటి అరలోకి తోసి, నిన్న పెట్టిన ఉత్తరేణి పళ్లాలను బయటికి తీసింది. ఎడమ పళ్లెంలో గుంట చుట్టూ తేటగా వలయం ఏర్పడింది. ఆ మేరకు నలుపు చచ్చిపోయింది. కుడి పళ్లెంలోనూ అంతే వలయం. పహరా కూడా చచ్చిపోయింది.

"వలయాలు సమానం," అంది గోడలోంచి నిర్ణేత యంత్రం. "సూచన: తప్పు. మీ తీర్పు?"

బల్ల అంచున రెండు మీటలు ఉంటాయి. పచ్చది ఒప్పు, ఎర్రది తప్పు. పచ్చ మీట మీద దుమ్ము పేరుకుంది. వినోద ఎర్రది నొక్కింది.

నిజానికి నిర్ణేత ఆమెను అడగాల్సిన పనేమీ లేదు. కానీ దంతపాలిక చట్టం రాసిన పెద్దలు చివరి నొక్కుడు మాత్రం మనిషి వేలికే వదిలారు. ముహూర్తం పెట్టేశాక పెళ్లికొడుకును 'నీకు ఇష్టమేనా' అని అడగడం లాంటి మర్యాద అది. ఆ మర్యాదకే మనకు జీతాలని కషాయశాలలో అందరూ నవ్వుకునేవారు.

మంచిర్యాల దంతపాలికలో ఇప్పుడు ఎవరూ పళ్లు తోముకోరు. తోముకుంటే నేరం. మందులన్నీ మొద్దుబారి, పంటి చీము నెత్తురులోకి దిగి మనుషులు పిట్టల్లా రాలిపోయిన రోజుల్లో శాస్త్రవేత్తలు పహరాను తయారుచేశారు. పంటిని తొలిచే నలుపుకు అది స్వయానా దాయాది. వంశం ఒకటే, బుద్ధి వేరు. పాలపళ్లు రాగానే ప్రతి బిడ్డ పళ్ల మీదా దాన్ని పూస్తారు. అది పొరలా పరుచుకుని నలుపుకు కాలు మోపే చోటు లేకుండా చేస్తుంది. నోరు ఎవరిదైనా పొర మాత్రం సర్కారుది కాబట్టి దాన్ని గీకే హక్కు ఎవరికీ లేదు. వేపచెట్టు కింద పుల్ల విరుస్తూ దొరికినవాడిని స్టేషన్‌లో కూర్చోబెడతారు. బడి పిల్లలు కొట్లాడుకుంటే 'వీడు పందుంపుల్ల నమిలిండు' అని అరుస్తారు. అంతకు మించిన బూతు పాపం వాళ్లకు తెలియదు.

చాలాకాలం బాగానే సాగింది. ఈమధ్య నలుపు తెలివిమీరింది. పహరా పొర మీదే ఎక్కి కూర్చోవడం నేర్చుకుంది. ఇంట్లో నోటిచూపు అద్దం ముందు పొద్దున్నే నోరు తెరిస్తే అది పచ్చగా వెలగాలి. నల్లగా వెలిగితే ఆ నోట్లోని పళ్లన్నీ ఏరివేతలో పీకించాల్సిందే. నలుపు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకకుండా ఉండాలంటే అదొక్కటే దారి అని నిర్ణేత లెక్క. ఏరివేత తరువాత సర్కారే ముద్దపళ్లనే కట్టుడుపళ్లు ఇస్తుంది. మెత్తటి అన్నం తినొచ్చు, నలుగురిలో తిరగొచ్చు.

ఏరివేత లేకుండా నలుపును దించే ఆకో, వేరో, బెరడో దొరుకుతుందేమోనని కషాయశాల పెట్టారు. నలుపు చావాలి, పహరాకు మాత్రం ఏమీ కాకూడదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డలు దుడ్డుల్లా ఉండాలి అన్నట్టు. వేప, తుమ్మ, జామ, తులసి, లవంగం, కరక్కాయ అన్నీ ఈ బల్ల మీదికి వచ్చాయి. అన్నిటికీ ఎర్ర మీటే పడింది. దాయాదులు కదా, ఒకరికి విషమైంది రెండోవారికీ విషమే.

ఉమ్మికిటికీ గంట మోగింది. నల్లబడ్డవాళ్లు ఏరివేతకు ముందు అక్కడికి వచ్చి నోటి నమూనా ఇచ్చిపోతారు. వినోద ముఖానికి గుడ్డ కట్టుకుని, దూదిపుల్ల పట్టుకుని కిటికీ తెరిచింది. అవతల తమ్ముడు ఓదెలు నిలబడి ఉన్నాడు.

"నల్లవడ్డదక్కా," అన్నాడు.

వినోద చేతిలోని పుల్ల కిందపడింది. వంగి తీసుకుని, అది పనికిరాదని పారేసి, ఇంకోటి తీసింది.

ఓదెలు సన్నాయి వాయిస్తాడు. చిన్నప్పుడే మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. పాలికలో పెళ్లంటే ఓదెలు సన్నాయి ఉండాల్సిందే. అతను వాయిస్తుంటే వంటవాళ్లు అడుగంటిన సంగతి కూడా మరిచిపోతారని పేరు, కొందరు అదే నింద వేస్తారు కూడా. సన్నాయి పీక పెదవుల మధ్య నిలవాలంటే ఆ పెదవుల వెనుక గట్టి పళ్లు ఆనుకుని ఉండాలి. ముద్దపళ్లతో సన్నాయి పట్టినవాడు ఇంతవరకు లేడు. ఏరివేత అయితే తమ్ముడు బతుకుతాడు, సన్నాయి బతకదు.

"ఎప్పుడంట?" అని అడిగింది వినోద.

"ఎల్లుండి మధ్యాహ్నం. పొద్దుగాల రామకిష్టాపూర్ల పెండ్లి ఉన్నది. అది వాయించి అటే వస్త. ఆఖరిది గద, మంచిగ వాయిస్త."

"నొప్పున్నదా?"

"కుడి దిక్కు జర లాగుతున్నది. గంతే."

"నోరు తెరువు."

తెరిచే ముందు ఓదెలు ఎడమ బుగ్గలోంచి దేన్నో నాలుకతో వెనక్కి నెట్టాడు. మింగబోయి, పొరబోయి దగ్గాడు. నల్లటి ముక్క ఒకటి కిటికీ గట్టు మీద పడింది. అక్కాతమ్ముళ్లిద్దరూ దాన్ని చూశారు.

"ఏందిరా గది?"

"ఏం లేదు."

"ఓదెలూ."

"కరక్కాయ," అన్నాడు గొంతు తగ్గించి. "సన్నాయోళ్లమందరం బుగ్గన పెట్టుకుంటం. గొంతు ఎండదు, దగ్గు రాదు. మామ గూడ పెట్టుకునేటోడు. అద్దం ముందర నిలవడేటప్పుడు తీసి దాస్త."

నోట్లో పరపదార్థం పెట్టుకోవడం పందుంపుల్ల నమలడంతో సమానమైన నేరం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, కషాయశాలలో పనిచేసే అక్క మాత్రం ఇన్నేళ్లుగా పట్టలేకపోయింది. వినోద తిట్టింది. గట్టిగా తిట్టే వీలు లేదు గనుక నెమ్మదిగా, పద్ధతిగా, చనిపోయిన మేనమామను కూడా వదలకుండా తిట్టింది. ఓదెలు తలవంచుకుని విన్నాడు. అక్క తిట్లు అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే.

తిట్లు అయిపోయాక మళ్లీ నోరు తెరిపించి దీపం వేసి చూసింది. కుడివైపు దవడపళ్ల మీద నల్లటి పాకుడు మందంగా ఉంది. ఎడమవైపు ఏమీ లేదు. దీపం వెలుతురు సరిగా పడలేదనుకుని పక్కకు జరిపి చూసింది. ఎడమవైపు పళ్లు శుభ్రంగా, పహరా మెరుపుతో ఉన్నాయి.

"ఎప్పుడు గీ దిక్కే పెట్టుకుంటవా?"

"ఆ. కుడి బుగ్గల పెడితె నాకు గాలి సరిగ రాదు."

నియమం ప్రకారం నోరంతటికీ ఒకే దూదిపుల్ల వాడాలి. నిర్ణేతకు నోరంటే ఒక రంగు, అది పచ్చో నలుపో. వినోద రెండు పుల్లలు తీసుకుంది. ఒకటి కుడివైపు రాసింది, ఒకటి ఎడమవైపు. ఏదో ఒకటి చేయకుండా తమ్ముణ్ని పంపించలేకపోయింది, అంతే.

*

మర్నాడు పొద్దున్నే కుడివైపు పుల్ల రాసిన పళ్లెం తీసి చూస్తే అంతా నల్లగా అల్లుకుపోయి ఉంది. ఎడమవైపు పుల్ల రాసిన పళ్లెంలో పహరా దట్టంగా పెరిగింది. కొంచెం గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పహరా మధ్యలో నలుపు కూడా కనిపించింది. చావలేదు, నిక్షేపంగా ఉంది. కానీ గుంపు కట్టలేదు, దేన్నీ పట్టుకోలేదు. సంతలో తప్పిపోయిన మనిషిలా ఎక్కడికక్కడ ఒంటరిగా తేలుతోంది.

కరక్కాయను కషాయశాల ఎప్పుడో పరీక్షించింది. అది నలుపును చంపింది, పహరాను కూడా చంపింది. అయితే గుంటలో పోసినది చిక్కటి కషాయం. బుగ్గన పెట్టుకున్న ముక్క అలా ఊరదు. ఉమ్మిలో నానుతూ, పొద్దంతా కొంచెం కొంచెంగా పలచగా ఊరుతుంది. ఆ పలచదనానికి ఏదీ చావదు. పళ్లెంలో వలయం రాదు. వలయం రాని కషాయాన్ని కషాయశాల నీళ్లతో సమానంగా పారబోస్తుంది.

నలుపు పంటిని పట్టుకోవడానికి తీపి తిని ఒక బంక తయారుచేసుకుంటుంది. ఆ బంకే దాని బలం. పహరాకు అలాంటి బంక అక్కర్లేకుండా శాస్త్రవేత్తలు వేరే కొక్కెం అమర్చారు. కరక్కాయ వగరుకు ఆ బంక విరిగిపోతే? నలుపు బతికే ఉంటుంది, కానీ జారిపోతుంది. ఉమ్మితో పాటు కడుపులోకి పోతుంది. అక్కడ దాని ఆటలు సాగవు.

ఇన్నేళ్లూ మేము చావునే కొలిచాం, పట్టును ఎవరమూ కొలవలేదు అనుకుంది వినోద. సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకే ఆశ కూడా పుట్టింది.

పట్టును కొలవాలంటే పళ్లెం పనికిరాదు, పన్ను కావాలి. ఏరివేత పళ్లన్నీ కషాయశాలకే డబ్బాల్లో వస్తాయి. డబ్బాలు రెండో షిఫ్ట్ అంజుమ్ దగ్గర ఉంటాయి. అంజుమ్‌కు నిరుడే ఏరివేత జరిగింది. అప్పటి నుంచి పెదవులు ఎక్కువ కదపకుండా, మెత్తగా మాట్లాడుతుంది. వినోద కబురు పంపగానే తన షిఫ్ట్ కన్నా ముందే వచ్చి, ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏం జేస్తవ్ వీటితోని?" అంది.

"ఉడకబెట్టి కడిగి, పహరా పూస్త. దాని మీద నలుపు ఎక్కిస్త. కొన్నిటిని ఉత్త ఉమ్మిల పెడ్త, కొన్నిటిని కరక్కాయ నానిన ఉమ్మిల."

అంజుమ్ ఆమె ముఖంలోకి చూసింది. నలుపునూ పహరానూ ఒకే గిన్నెలో కలపకూడదన్నది కషాయశాలలో మొదటి పాఠం. పళ్లాలు పెట్టే ఈ గదిని అందరూ మడిగది అనే పిలుస్తారు. నలుపు ముట్టిన చేత్తో పహరాను ముట్టినవాళ్లను ఆ రోజుకు బయట కూర్చోబెడతారు. నోట్లో మాత్రం ఆ రెండూ రేయింబవళ్లు ఒకదాని మీద ఒకటి కాపురం చేస్తుంటాయి. ఆ సంగతి మడి పాటించేవాళ్లెవరికీ ఇంతవరకు తట్టలేదు.

"మడి చెడగొడుతున్నవ్," అంది అంజుమ్.

"అవు."

"ఓదెలు కోసమా?"

"వాని కోసమే. వాడు కాకుంటె నేను చూడకపోదును. అబద్ధం ఎందుకు చెప్పాలె."

అంజుమ్ డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూసింది. "నావి గూడ గీండ్లనే ఉండొచ్చు," అంది మామూలుగా. తరువాత చేతికి తొడుగులు వేసుకుని, పళ్లు ఏరిపెట్టడానికి పక్కన కూర్చుంది. ఉమ్మి ఇద్దరిదీ వాడారు. షిఫ్ట్ మారే వేళకు గిన్నెలన్నీ వెచ్చటి అరలో ఉన్నాయి.

*

ఏరివేత రోజు పొద్దున్నే వినోద ముందుగా ఉత్త ఉమ్మిలో ఉంచిన పళ్లు తీసి నీళ్లధార కింద పట్టింది. నలుపు కదల్లేదు. గోటితో గీకినా రాలేదు. కరక్కాయ ఉమ్మిలోని పన్ను తీసి ధార కింద పట్టింది. నలుపు పొరలుగా ఊడి నీళ్లతో పోయింది. కింద పహరా చెక్కుచెదరలేదు. రెండో పన్ను పట్టింది. మూడోది పట్టింది. కరక్కాయ గిన్నెల్లో ఉన్నవన్నీ పట్టింది. ఒక్కో పన్ను తెల్లబడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, చేతులు కడుక్కుని, పళ్లను వరసగా గుడ్డ మీద పేర్చి, రాత్రే పలచన కషాయం పోసి ఉంచిన రెండు పళ్లాలనూ పక్కన పెట్టి, పరీక్ష తెరిచింది.

"కరక్కాయ, పలచన," అని చెప్పింది నిర్ణేతకు.

"నలుపు వలయం లేదు. పహరా వలయం లేదు. సూచన: తప్పు. మీ తీర్పు?"

"పండ్లను చూడు."

"పంటికి వలయం ఉండదు. కొలత లేదు. మీ తీర్పు?"

వినోద మీటల మీదికి చెయ్యి పోనివ్వలేదు. పర్యవేక్షకుడు దయాకర్‌ను పిలిపించింది. దయాకర్ మంచివాడే. పైనుంచి ఏది వస్తే దాన్ని కిందికి దించడం తప్ప ఎవరికీ అపకారం చేసి ఎరగడు. ఆయన పళ్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. వినోద జరిగిందంతా చెప్పింది. బుగ్గ సంగతి కూడా దాచలేదు.

"నలుపు సావలేదంటున్నవ్," అన్నాడు ఆయన. "పాము సావకుండ, కట్టె ఇరగకుండ ముచ్చట చెప్తున్నవ్ వినోదమ్మా."

"పాము సావనక్కర్లేదు సార్. ఇంట్లకెళ్లి పోతె సాలు."

దయాకర్ నవ్వబోయి ఆపుకున్నాడు. "సరే, నిజమే అనుకో. పచ్చది నొక్కుతవా? నొక్కితె రేపటి నుంచి పాలికంత బుగ్గన కరక్కాయ పెట్టుకుంటది. ఒక్క రాత్రి నానబెట్టిన పండ్లు, ఒక్కని నోరు. గింతే ఉన్నది నీ దగ్గర. రేపు ఎవనికన్న మీదికొస్తె?"

"నొక్క సార్. నాకంత ధైర్యం లేదు. ఇంక చానా చూడాలె."

"మరి ఎర్రది నొక్కు."

"అది అబద్ధం అయితది."

"ఉన్నవి రెండే మీటలు."

"ఏదీ నొక్కకుంటె ఏమైతది సార్?"

దయాకర్ చేతిలోని పన్నును గుడ్డ మీద పెట్టేశాడు. ఆయనకు చట్టం కంఠస్థం. అందువల్లే ముఖం పాలిపోయింది. "పరీక్ష తెరిచి ఉన్నంతసేపు ఏరివేత ఆపాలె," అన్నాడు నెమ్మదిగా. "ఇష్టమున్నోళ్లకు ఆ కషాయం ఇయ్యొచ్చు. చట్టం రాసినప్పుడు పరీక్షంటె నెలలు పడ్తదనుకున్నరు. నిర్ణేత వచ్చినంక రెప్పపాటుల అయిపోతున్నది గదా, ఆ మాట ఎవరికీ యాదికి లేదు. వద్దు వినోదమ్మా. నీ నౌకరి పోతది."

"చీము పట్టిన పన్ను?"

"ఒక్క పన్ను తీసుడుకు ఎప్పుడూ అడ్డం లేదు. డాక్టర్ తీస్తడు. నోరంత తీసుడే ఆగుతది."

"అయితే ఆగనీయండి," అంది వినోద.

అనేసింది గానీ ఆమెకు భయంగానే ఉంది. పొరపాటు తనదే అయితే, రేపు ఏ తల్లో బిడ్డను ఎత్తుకుని ఈ కిటికీ ముందు నిలబడితే, ఏం చెప్పాలో తెలియదు. తమ్ముడి మీద ప్రేమే తన కళ్లకు పళ్లను తెల్లగా చూపిస్తోందేమో అని కూడా అనిపించింది. అందుకే ఇంకోసారి వాటిని చూసింది. అవి తెల్లగానే ఉన్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"మీ తీర్పు?" అంది నిర్ణేత.

కొంతసేపటికి మళ్లీ అడిగింది. తరువాత అడగడం ఆపి, ఊరికే వినసాగింది. మధ్యాహ్నం పక్క భవనంలో ఏరివేత కుర్చీల దీపాలు ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. వరండాలో వరసగా నిలబడ్డవాళ్లు ఏం జరిగిందో తెలియక ఒకరినొకరు అడిగారు. కుర్చీలు చెడిపోయాయని ఒకడు, సర్కారు పడిపోయిందని ఇంకొకడు చెప్పాడు. సర్కారు పడిపోయిందన్న మాటనే ఎక్కువమంది నమ్మారు.

ఉమ్మికిటికీ గంట మోగింది. ఓదెలు వచ్చాడు. పెళ్లి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన సన్నాయి సంచి, నుదుట కుంకుమ.

"కుర్చీ లేస్తలేదటక్కా. పొమ్మన్నరు. మల్ల ఎప్పుడు రావాలె?"

"తెల్వదు. చెయ్యి పట్టు."

ఓదెలు చెయ్యి చాచాడు. వినోద అందులో కరక్కాయ ముక్కలు పోసింది. అతను వాటిని, అక్క ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. బెదిరి వెనక్కి తిరిగి చూశాడు కూడా.

"దొంగతనంగ కాదు. పరీక్షల ఉన్న మందు ఇది. నీ ఇష్టముంటేనే తీసుకో. ఇది పనిచేస్తదని ఒట్టేసి చెప్పలేను. జరమొచ్చినా, దవడ వాసినా ఒక్క పూట ఆగకుండ డాక్టర్ దగ్గరికి పో. రోజు వచ్చి నాకు నోరు చూపియ్యి."

"ఇష్టమే," అన్నాడు ఓదెలు వెంటనే.

"అయితే కుడి బుగ్గల పెట్టు."

"కుడి బుగ్గల పెడితె గాలి..."

"గాలి సంగతి నువ్వే చూసుకో. అది నా చదువుల లేదు."

ఓదెలు ముక్క తీసి కుడి బుగ్గన పెట్టుకున్నాడు. వగరుకు ముఖమంతా ముడుచుకుంది. అతని వెనుక నిలబడ్డ ఒకావిడ ఇదంతా చూస్తోంది. కొంగుతో నోరు మూసుకునే, "బిడ్డా, గది మాకు గూడ ఇస్తరా?" అని అడిగింది. ఆమె వెనుక ఉన్నవాళ్లు ఏం అడుగుతోందో వినడానికి ముందుకు జరిగారు. వినోద ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది, ఒట్టు వేయలేనన్న మాటతో సహా. కొందరు వెళ్లిపోయారు. చాలామంది చెయ్యి చాచారు. దయాకర్ కాసేపు చూస్తూ నిలబడి, తరువాత కిటికీ రెండో రెక్క కూడా తెరిచాడు. గాలి ఆడడం లేదని సాకు చెప్పాడు.

షిఫ్ట్ మారే వేళయింది. పైనుంచి దయాకర్‌కు ఆజ్ఞ వచ్చింది. మొదటి షిఫ్ట్ మనిషి తీర్పు ఇవ్వకపోతే రెండో షిఫ్ట్ మనిషి ఇవ్వొచ్చు. నొక్కే వేలు ఎవరిదైనా ఫరవాలేదు. ఇక జరగబోయేది వినోదకు అర్థమైంది. ఆమె కుర్చీలోంచి లేవగానే అంజుమ్ కూర్చుంటుంది. అంజుమ్ ఎర్రది నొక్కితే దీపాలు మళ్లీ వెలుగుతాయి. సాయంత్రానికే ఓదెలును వెనక్కి పిలుస్తారు.

అంజుమ్ వచ్చింది. దయాకర్ చెప్పినదంతా నిలబడే విన్నది. తరువాత గుడ్డ మీది పళ్ల దగ్గరికి వెళ్లి ఒకటి చేతిలోకి తీసుకుంది. ఈ పళ్లు చెబుతున్నది నిజమైతే, నిరుడు అంజుమ్ నోట్లోంచి తీసిన పళ్లన్నీ తీయనక్కర్లేకుండా తీసినవే. ఆ మాట అంజుమ్ ఎలా మోస్తుంది? ఎర్రది నొక్కితే ఆ మాట ఎప్పటికీ నిజం కాకుండా పోతుంది. నొక్కినా ఆమెను తప్పుపట్టలేననుకుంది వినోద.

"అంజుమ్, నాకు నిరుడే తట్టి ఉంటే..." అని మొదలుపెట్టింది.

"తట్టలేదు గద," అంది అంజుమ్. "నాకు గూడ తట్టలేదు. ఇద్దరం గీ బల్ల మీదనే ఉన్నం." పన్నును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా. "మంచిగున్నది పన్ను," అంది. "ఎవలదో గని."

పన్నును మళ్లీ వరసలో దాని చోట పెట్టింది.

"నువ్వు లే. పొద్దుగాల నుంచి ఏం తినలేదు. పోయి చాయ్ తాగు," అంది.

వినోద లేచింది. అంజుమ్ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. మనిషి మారిన సంగతి గ్రహించి నిర్ణేత మొదటి నుంచి మొదలుపెట్టింది.

"కరక్కాయ, పలచన. నలుపు వలయం లేదు. పహరా వలయం లేదు. సూచన: తప్పు. మీ తీర్పు?"

అంజుమ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఆగు," అంది.

నిర్ణేత ఆగింది.